సెంట్రల్ న్యూరోసైటోమా

మెదడు లోపల నీటితో నిండి ఉండే గదుల్లో పుట్టే అరుదైన కణితి ఇది. మెదడు కణితులన్నిటిలో దీని వాటా సుమారు అర శాతానికి మించదు. ఎక్కువగా 20–40 ఏళ్ల వయసులో బయటపడుతుంది. నెమ్మదిగా పెరుగుతుంది, పుట్టిన చోటు దాటి పాకడం అరుదు. అందుకే దీన్ని చాలావరకు నిరపాయకరమైనదిగానే లెక్కిస్తారు. చిక్కంతా అది మొలిచే చోటులో ఉంది. పక్క గదుల్లోని నీరు మూడో గదిలోకి దిగే మన్రో రంధ్రం దగ్గరే ఇది పెరుగుతుంది. ఆ సన్నని దారి మూసుకుపోతే నీరు నిలిచి తలలో ఒత్తిడి పెరుగుతుంది. తలనొప్పి, వాంతులు, మసకబారే చూపు అలా వచ్చేవే.

ఈ కణితికి పేరు వచ్చింది 1982లో. ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో జాక్ హసూన్ బృందం ఇద్దరు రోగుల కణితులను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పరిశీలించింది. వాటిలో నాడీకణాల లక్షణాలు, ఆ కణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకునే సంధులైన సినాప్సులతో సహా, కనిపించాయి. అంతవరకు ఇలాంటి వాటిని వేరే రకం మెదడు కణితులుగా, అంటే ఒలిగోడెండ్రోగ్లియోమా అనో, ఎపెండిమోమా అనో రాసేవారు. అది పాథాలజిస్టుల అజాగ్రత్త కాదు. గుండ్రటి కేంద్రకం, చుట్టూ తెల్లటి వలయం: మామూలు మైక్రోస్కోప్ కింద ఒలిగోడెండ్రోగ్లియోమా కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. తర్వాత సినాప్సుల్లో ఉండే సినాప్టోఫైసిన్ అనే ప్రోటీన్‌ను పట్టిచూపే రంజన పరీక్ష వచ్చాక, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ లేని ఆసుపత్రిలోనూ దీన్ని గుర్తుపట్టడం వీలైంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1979లో తెచ్చిన తొలి మెదడు కణితుల వర్గీకరణలో ఇది లేదు. 1993 కూర్పులో గ్రేడ్ 1గా చేరింది. కొందరిలో తిరిగి మొలుస్తోందని తేలడంతో 2000లో గ్రేడ్ 2కు మార్చారు. 2021 కూర్పులోనూ అదే గ్రేడ్. రిపోర్టులో ఈ అంకె చూసి క్యాన్సర్ రెండో దశ అనుకుని కుంగిపోనక్కర్లేదు. దశ అంటే వ్యాధి ఎంత దూరం పాకిందన్న లెక్క, గ్రేడ్ అంటే కణాల స్వభావం. నా దృష్టిలో రోగికి అంతకంటే పనికొచ్చే అంకె మరొకటుంది. విభజన చెందుతున్న కణాల శాతాన్ని చూపే ఎంఐబి-1 సూచిక 2 దాటితే కణితి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువని 1997లో సోయ్లెమెజోగ్లు బృందం చూపింది. అలాంటివాటిని ఎటిపికల్ అంటారు, వాటికి వేరే గ్రేడ్ మాత్రం లేదు.

చికిత్సకు మూలం శస్త్రచికిత్సే. రెండు అర్ధగోళాలను కలిపే కార్పస్ కలోసమ్ గుండానో, మెదడు పైపొర గుండానో గదిలోకి వెళతారు. కణితిలో రక్తనాళాలు దండిగా ఉండటం వల్ల రక్తస్రావం సర్జన్‌ను ఇబ్బంది పెడుతుంది. పూర్తిగా తీయగలిగితే సాధారణంగా రేడియేషన్ అక్కర్లేదు. కొంత మిగిలితే, లేదా తిరిగి మొలిస్తే, రేడియేషన్ ఇస్తారు. మిగిలిన ముక్క చిన్నదైతే గామా నైఫ్ వంటి రేడియోసర్జరీతో గురిపెట్టి కొట్టవచ్చు. కణితి పోయినా నీటి దారి తెరుచుకోకపోతే ఆ నీటిని మళ్లించే గొట్టం (షంట్) వేయాల్సి వస్తుంది. పదేళ్ల తర్వాత తిరిగి వచ్చిన సందర్భాలూ ఉండటంతో, బాగున్నవారికి కూడా ఎమ్మారై పరీక్షలు ఏళ్ల తరబడి కొనసాగిస్తారు.