కోర్టు మాటను రికార్డుకెక్కించినవారు: షార్ట్‌హ్యాండ్ వృత్తి చరిత్ర

6.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• కోర్టు రిపోర్టింగ్ ఒక వృత్తిగా ఏర్పడటానికి గల కారణాలను వివరించగలుగుతారు.
• షార్ట్‌హ్యాండ్ శిక్షణ పొందినవారు ఏయే రంగాల్లో స్థిరపడ్డారో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• యంత్రాల వల్ల ఈ వృత్తిలో వచ్చిన మార్పులను మన న్యాయస్థానాల పరిస్థితితో పోల్చగలుగుతారు.

6.1 ప్రస్తావన

కోర్టులో సాక్షి చెప్పిన మాట చెప్పిన క్షణంలోనే గాలిలో కలిసిపోతుంది. అప్పీలు వినే పై కోర్టు న్యాయమూర్తి సాధారణంగా ఆ సాక్షిని చూడరు, ఆ గొంతు వినరు. వారి ముందుకు వచ్చేది కాగితం మీది సాక్ష్యం మాత్రమే. 'కొట్టాడు' అన్న మాటకూ 'కొట్టబోయాడు' అన్న మాటకూ తేడా రెండక్షరాలే. కానీ మొదటిది తగిలిన దెబ్బ, రెండోది తగలని దెబ్బ. ఒక మనిషికి పడే శిక్ష ఆ రెండక్షరాల మీద ఆధారపడవచ్చు. అందువల్ల విన్నమాటను విన్నట్టుగా రాసేవారి అవసరం న్యాయవ్యవస్థకు ఏర్పడింది.

'షార్ట్‌హ్యాండ్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా?' అన్నది మన పట్టణాల్లో టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కిన ప్రతి తరమూ వేసుకున్న ప్రశ్న. మాటను రికార్డు చేసే ఫోను ప్రతి జేబులోకీ వచ్చిన ఈ రోజుల్లో ఆ ప్రశ్న మరింత గట్టిగా వినిపిస్తోంది. దీనికి జవాబు కోసం ఈ వృత్తి చరిత్రను పరిశీలిద్దాం.

6.2 ఇంగ్లండులో తొలి దశ: గర్నీ కుటుంబం, డికెన్స్

18వ శతాబ్దంలో లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టులో థామస్ గర్నీ షార్ట్‌హ్యాండ్ రచయితగా పనిచేశాడు. తన పద్ధతిని వివరిస్తూ 1750లో 'బ్రాకీగ్రఫీ' అనే పుస్తకం ప్రచురించాడు. ఈ విద్య ఆ కుటుంబంలో తరతరాలుగా కొనసాగింది. బెంగాల్ గవర్నర్ జనరల్‌గా పనిచేసిన వారన్ హేస్టింగ్స్‌పై 1788 నుంచి 1795 వరకు బ్రిటిష్ పార్లమెంటులో సాగిన అభిశంసన విచారణను కూడా గర్నీ కుటుంబీకులే షార్ట్‌హ్యాండ్‌లో నమోదు చేశారు. భారతదేశంలో జరిగిన పాలన మీద సాగిన ఆ వాదప్రతివాదాలు చరిత్రకారులకు ఇంత వివరంగా దొరకడంలో ఆ రాతప్రతుల పాత్ర ఉంది. 1813లో థామస్ మనుమడు విలియం బ్రాడీ గర్నీ పార్లమెంటుకు అధికారిక షార్ట్‌హ్యాండ్ రచయితగా నియమితుడయ్యాడు.

ఈ పద్ధతిని నేర్చుకుని ఎదిగినవారిలో అందరికీ తెలిసిన పేరు చార్లెస్ డికెన్స్. తండ్రి అప్పుల కారణంగా జైలుపాలు కాగా, 1824లో పన్నెండేళ్ల డికెన్స్ బూటు పాలిష్ తయారుచేసే కర్మాగారంలో పనిచేశాడు. తరువాత ఒక న్యాయవాద కార్యాలయంలో గుమాస్తాగా చేరాడు. ఆ కాలంలోనే గర్నీ షార్ట్‌హ్యాండ్‌ను స్వయంకృషితో నేర్చుకుని 'డాక్టర్స్ కామన్స్' అనే కోర్టుల సముదాయంలో స్వతంత్ర రిపోర్టర్‌గా పనిచేశాడు. అక్కడి నుంచి పార్లమెంటు రిపోర్టింగ్‌కు, 1834లో 'మార్నింగ్ క్రానికల్' దినపత్రికకు, ఆపై నవలా రచనకు చేరాడు. షార్ట్‌హ్యాండ్ నేర్చుకోవడంలోని కష్టాన్ని 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్' నవలలో చిత్రించాడు. కోర్టుల్లో ఏళ్ల తరబడి సాగే వ్యాజ్యాల మీద ఆయన చేసిన విమర్శ 'బ్లీక్ హౌస్' నవలలో కనిపిస్తుంది.

డికెన్స్ ప్రతిభ అందరికీ ఉండదు. అయితే ఆయన ఎదిగిన క్రమాన్ని గమనించాలి. కోర్టులో అలవడిన వినికిడి, వేగం, కచ్చితత్వం ఆయనకు పత్రికారంగంలోనూ పనికివచ్చాయి. అంటే నేర్చుకున్న నైపుణ్యం ఒకటే, దాన్ని వాడిన చోట్లు వేరు.

6.3 పిట్‌మన్: తపాలా ద్వారా శిక్షణ

1837లో ఐజాక్ పిట్‌మన్ అక్షరాలను బట్టి కాక ధ్వనులను బట్టి రాసే కొత్త పద్ధతిని ప్రకటించాడు. 1840లో బ్రిటన్‌లో ఒక పెన్నీకే ఉత్తరం చేరవేసే తపాలా విధానం మొదలైంది. పిట్‌మన్ దాన్ని బోధనకు ఉపయోగించుకున్నాడు. దూరప్రాంతాల విద్యార్థులు చిన్న చిన్న పాఠ్యభాగాలను షార్ట్‌హ్యాండ్‌లో రాసి పంపేవారు. వాటిని దిద్ది తిరిగి పంపేవారు. నేడు మీరు చదువుతున్న దూరవిద్యకు తొలి నమూనాల్లో ఒకటిగా దీన్ని పేర్కొంటారు. పనిచేసుకుంటూ చదువుకోవాలనుకునే వారికి వృత్తివిద్యను అందుబాటులోకి తేవడం దీని ప్రత్యేకత.

ఐజాక్ సోదరుడు బెన్ పిట్‌మన్ ఈ పద్ధతిని అమెరికాకు తీసుకువెళ్లాడు. 1865లో అధ్యక్షుడు లింకన్ హత్య కుట్ర కేసులో ఎనిమిది మంది నిందితులను సైనిక కమిషన్ విచారించినప్పుడు ఆ విచారణను నమోదు చేసే బాధ్యత ఆయనకే దక్కింది.

కోర్టు బయట కూడా ఈ విద్యకు గిరాకీ పెరిగింది. 1895లో న్యూయార్క్‌లో స్వామి వివేకానంద ప్రసంగాలను రాయడానికి కుదిరిన జె.జె. గుడ్విన్ అనే ఆంగ్లేయుడు, 1897లో ఆయన వెంట మద్రాసుకు వచ్చాడు. మరుసటి ఏడాదే ఊటీలో మరణించాడు. నేడు పుస్తకరూపంలో దొరికే ఆ ప్రసంగాల్లో చాలావాటికి ఆధారం గుడ్విన్ రాతలే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
డికెన్స్, బెన్ పిట్‌మన్, గుడ్విన్ ముగ్గురూ నేర్చినది ఒకే విద్య. వారు పనిచేసిన రంగాలను పేర్కొనండి.

6.4 చట్టం కల్పించిన ఉపాధి

శిక్షణ ఒక్కటే ఉపాధిని సృష్టించలేదు. రికార్డు తప్పనిసరి అని చట్టం చెప్పినప్పుడు ఈ ఉద్యోగం స్థిరపడింది. ఇంగ్లండులో 1907 నాటి క్రిమినల్ అప్పీలు చట్టం తీవ్రమైన నేరాల విచారణలను షార్ట్‌హ్యాండ్‌లో నమోదు చేయాలని నిర్దేశించింది. కారణం స్పష్టమే: అప్పీలు హక్కు ఇచ్చిన తరువాత, కింది కోర్టులో ఏం జరిగిందో తెలిపే ఆధారం లేకపోతే ఆ హక్కుకు అర్థం ఉండదు. అమెరికాలో 1944లో వచ్చిన చట్టం ఫెడరల్ జిల్లా కోర్టుల్లో అధికారిక రిపోర్టర్ల నియామకానికి వీలు కల్పించింది. జీతంతో పాటు, కక్షిదారులు కోరిన ప్రతులకు పేజీ లెక్కన రుసుము కూడా వారికి లభించేది. కాబట్టి వేగంగా, తప్పులు లేకుండా ప్రతి ఇచ్చేవారి ఆదాయం పెరిగింది.

ఈలోగా పనిముట్టు కూడా మారింది. 1879లో మైల్స్ బార్తొలొమ్యూ ఒక షార్ట్‌హ్యాండ్ యంత్రానికి పేటెంటు పొందాడు. 1910ల్లో వార్డ్ స్టోన్ ఐర్లాండ్ రూపొందించిన స్టెనోటైప్ దాన్ని మరింత మెరుగుపరిచింది. టైపు మిషన్‌లో ఒక్కో అక్షరాన్ని ఒక్కో మీటతో కొడతాం. స్టెనోటైప్‌లో కొన్ని మీటలను ఒకేసారి నొక్కి ఒక ధ్వనిని, ఒక్కోసారి మొత్తం పదాన్ని నమోదు చేస్తారు. 1899లో ఏర్పడిన షార్ట్‌హ్యాండ్ రిపోర్టర్ల జాతీయ సంఘం వృత్తి ప్రమాణాలపై శ్రద్ధ పెట్టింది. నేడు ఆ సంఘం ఇచ్చే ప్రాథమిక వృత్తి ధ్రువీకరణ పొందాలంటే సాక్షి ప్రశ్నోత్తరాలను నిమిషానికి 225 పదాల వేగంతో, 95 శాతం కచ్చితత్వంతో నమోదు చేయాలి.

6.5 యంత్రం వచ్చాక రెండు దారులు

2012లో ఇంగ్లండు క్రౌన్ కోర్టుల్లో షార్ట్‌హ్యాండ్ రచయితల స్థానాన్ని డిజిటల్ ఆడియో రికార్డింగ్ ఆక్రమించింది. తరాలుగా సాగిన ఉద్యోగం కోర్టు హాలు నుంచి తప్పుకుంది. అమెరికాలోనూ కొన్ని కోర్టులు ఆడియో వైపు మళ్లాయి. కానీ అక్కడ చాలామంది రిపోర్టర్లు మరో దారి చూసుకున్నారు. స్టెనోటైప్‌ను కంప్యూటర్‌తో కలిపితే నొక్కిన మీటలు వెంటనే చదవగలిగే అక్షరాలుగా తెరమీదికి వస్తాయి. 1982 నుంచి టెలివిజన్ ప్రత్యక్ష ప్రసారాలకు ఈ పద్ధతిలో శీర్షికలు ఇవ్వడం మొదలైంది. 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం తరువాత వినికిడి లోపం గల విద్యార్థుల కోసం తరగతి గదిలో పాఠాన్ని అప్పటికప్పుడు అక్షరాల్లో చూపించే పనికీ గిరాకీ పెరిగింది. ఇక్కడ కూడా ఉపాధి వెనుక ఒక చట్టం, ఒక హక్కు ఉన్నాయని గమనించాలి.

ఇద్దరు ఒకేసారి మాట్లాడితే, సాక్షి మాటకు బదులు తల ఊపితే ఆడియో రికార్డు దాన్ని సరిదిద్దుకోలేదు. అక్కడ కూర్చున్న మనిషైతే 'మళ్లీ చెప్పండి' అని అడగగలడు. తాను రాసినది సరైనదేనని సంతకం చేసి బాధ్యత వహించగలడు.

6.6 మన న్యాయస్థానాల్లో

మన పద్ధతి అమెరికా పద్ధతి వంటిది కాదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం సాక్ష్యాన్ని న్యాయాధికారి స్వయంగా రాయవచ్చు, లేదా బహిరంగ కోర్టులో చెప్పి రాయించవచ్చు. సాధారణంగా ప్రశ్న, జవాబు రూపంలో కాక కథనరూపంలో రాస్తారు. పూర్తయ్యాక సాక్షికి చదివి వినిపించాలి. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా ఈ పద్ధతినే కొనసాగించింది.

సాక్షి తెలుగులో చెబుతారు. న్యాయమూర్తి దాన్ని ఇంగ్లిషులో చెప్పి రాయించడం మన కోర్టుల్లో తరచుగా కనిపించేదే. అప్పుడు మాట రెండు చేతులు మారుతుంది. ప్రస్తావనలో చెప్పిన 'కొట్టబోయాడు' ఇంగ్లిషులోకి వెళ్లి తిరిగి తెలుగులో వినిపించేసరికి 'కొట్టాడు' కాకుండా చూడటంలో స్టెనోగ్రాఫర్ భాషాజ్ఞానం కూడా ముఖ్యమే.

తెలుగు రాష్ట్రాల్లో సాంకేతిక విద్యా శిక్షణ మండళ్లు టైపు, షార్ట్‌హ్యాండ్ పరీక్షలు నిర్వహిస్తున్నాయి. ఇంగ్లిష్ షార్ట్‌హ్యాండ్ లోయర్‌కు నిమిషానికి 80, హయ్యర్‌కు 120 పదాల వేగం కావాలి. స్టెనోగ్రాఫర్‌గా చేరినవారు క్రమంగా వ్యక్తిగత కార్యదర్శి, కోర్టు మాస్టర్ వంటి బాధ్యతలకు చేరే అవకాశం ఉంది.

2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం విచారణను కృత్రిమ మేధతో అక్షరీకరించడం ప్రారంభించింది. ఆ ప్రతులను న్యాయవాదులకు ఇచ్చి సరిచూడమని కోరింది. అదే ఏడాది జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు వెలువరించింది. మొదటి సంఘటన రాసే పని తగ్గవచ్చని, సరిచూసే పని మాత్రం మిగులుతుందని సూచిస్తుంది. రెండోది న్యాయరంగంలో తెలుగు, ఇంగ్లిషు రెండూ బాగా వచ్చినవారి అవసరాన్ని గుర్తుచేస్తుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
సాక్ష్యాన్ని కథనరూపంలో రాయడానికి, ప్రశ్నోత్తరాల రూపంలో రాయడానికి గల తేడాను ఒక ఉదాహరణతో వివరించండి.

6.7 సారాంశం

కోర్టు రిపోర్టింగ్ వృత్తి వేగం వల్ల పుట్టలేదు. నమ్మదగిన రికార్డు కావాలన్న అవసరం వల్ల పుట్టింది. ఈకకలం, పెన్సిల్, స్టెనోటైప్, కంప్యూటర్ ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. ఒకే పనిముట్టును నమ్ముకున్నవారికి ప్రతి మార్పులోనూ నష్టం కలిగింది. వినడం, అర్థం చేసుకోవడం, తప్పులేకుండా రాయడం అనే మూల నైపుణ్యాన్ని పక్క రంగాలకు తీసుకువెళ్లినవారు నిలదొక్కుకున్నారు. ధ్రువపత్రం ఉద్యోగానికి తలుపు తెరుస్తుంది. ఆ తరువాతి ఎదుగుదల భాష మీద, కచ్చితత్వం మీద, కొత్తది నేర్చుకునే అలవాటు మీద ఆధారపడుతుంది.

6.8 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కోర్టు రిపోర్టింగ్ వృత్తి స్థిరపడటంలో చట్టాల పాత్రను చర్చించండి.
2. యంత్రాల రాక ఇంగ్లండు, అమెరికా రిపోర్టర్ల జీవనోపాధిని ఎలా ప్రభావితం చేసింది?

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. దూరవిద్య చరిత్రలో ఐజాక్ పిట్‌మన్ స్థానాన్ని తెలపండి.
2. మీకు దగ్గరలోని కోర్టుకు వెళ్లి బహిరంగ విచారణను గమనించండి. సాక్ష్యం నమోదయ్యే తీరును వర్ణించండి.