వెబ్ విహారిణి నేపథ్య అనుసంధానాలు

వెబ్ విహారిణి (బ్రౌజరు) తెరచిన వెంటనే, వాడుకరి చిరునామా పట్టీలో ఒక్క అక్షరమైనను టైపు చేయక మునుపే, అది తనంతట తానుగా వివిధ సర్వర్లతో ఏర్పరచుకొనే సంబంధాలను నేపథ్య అనుసంధానాలు లేదా స్వయంచాలక అనుసంధానాలు అంటారు. ఇవి ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఎడ్జ్, సఫారీ మొదలగు ప్రధాన విహారిణులు అన్నింటిలోనూ ఉన్నవి. వీటిలో కొన్ని భద్రతకు అత్యవసరమైనవి, కొన్ని వేగం కొరకు ఉద్దేశింపబడినవి, మరి కొన్ని తయారీదారునికి సమాచారం చేరవేసేవి. ఈ మూడింటినీ వేరుపరచి చూడకుండా అన్నింటినీ ఒక్కసారే నిలిపివేయుట వలన మేలు కంటే కీడు ఎక్కువ జరుగును.

నిలుపవలసిన అవసరం

దీనికి ముఖ్యంగా రెండు కారణాలు చెప్పవచ్చును. మొదటిది డేటా ఖర్చు. 2005లో బి.ఎస్.ఎన్.ఎల్. డేటావన్ బ్రాడ్‌బ్యాండు ఆంధ్ర ప్రదేశ్ పట్టణాలకు వచ్చినప్పుడు చవక పథకాలలో నెలకు ఇన్ని మెగాబైట్లు అని పరిమితి ఉండేది, అది దాటితే మెగాబైటు లెక్కన రుసుము పడేది. రాత్రి 2 గంటల నుండి ఉదయం 8 గంటల వరకు లెక్క లేని పథకాలు వచ్చిన తరువాత, పెద్ద దస్త్రాలను తెల్లవారుజామున దింపుకొనుట చాలామందికి అలవాటయినది. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా ధర బాగా పడిపోయినది కాని, రోజువారీ పరిమితి మాత్రం పోలేదు. నల్గొండ ప్రక్కనున్న పానగల్లులోనో, వనపర్తి జిల్లా పానగల్‌లోనో చేతిఫోను హాట్‌స్పాటుపై కంప్యూటరు నడిపే విద్యార్థికి రోజు కోటాలో ప్రతి మెగాబైటూ లెక్కకు వచ్చును. సిగ్నలు బలహీనంగా ఉన్న చోట, అడగని అనుసంధానాలు అడిగిన పుటకు పోటీ అగును.

రెండవది గోప్యత. ఒక అనుసంధానం ఏర్పడినదంటే, అందులో ఏమి పంపబడినదో తరువాతి మాట, ముందుగా వాడుకరి ఐ.పి. చిరునామా మరియు విహారిణి తెరచిన సమయం అవతలి సర్వరుకు తెలియును. 2017 ఆగస్టు 24న సుప్రీం కోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేయబడి, 2025 నవంబరులో దాని నియమాలు ప్రకటింపబడినవి. సమ్మతి కోరే నోటీసును ఆంగ్లంలో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో దేనిలోనైనా గాని చదువుకొనే వీలు కల్పించవలెనని ఈ చట్టం చెప్పుచున్నది. ఆ షెడ్యూలులో తెలుగు కూడా ఉన్నది. అయినను నేపథ్యంలో జరిగే సంభాషణను వాడుకరి స్వయంగా చూచుకొనుటకు చట్టం కంటే విహారిణి అమరికలే దగ్గరి దారి.

అనుసంధానాలలో రకాలు

అన్నింటికంటే పాతది మరియు ఎక్కువగా చర్చకు వచ్చినది ముందస్తు దింపుడు (ప్రీఫెచింగ్). ఒక పుట చదువుచుండగా, తరువాత నొక్కబోయే లంకె ఇదేనని ఊహించి, ఆ పుటను ముందుగానే తెచ్చి ఉంచుట దీని పద్ధతి. మొజిల్లా విహారిణిలో ఇది 2002 నుండి ఉన్నది. ఊహ సరియైనచో పుట రెప్పపాటులో తెరచుకొనును, తప్పినచో ఆ డేటా వృథా. ఈ పద్ధతిని హద్దు మీరి వాడుటకు ఉదాహరణ 2005లో గూగుల్ విడుదల చేసిన వెబ్ యాక్సిలరేటర్. అది పుటలోని లంకెలను వాడుకరి నొక్కకుండానే తెరచేది. కొన్ని వెబ్ అనువర్తనాలలో "తొలగించు" అనునది కూడా మామూలు లంకెగానే ఉండుటచే, ఈ పరికరం వాడుకరుల సమాచారాన్ని వారికి తెలియకుండానే తొలగించినది. లంకెను తెరచినంత మాత్రాన సర్వరులో ఏమియూ మారకూడదను పాత నియమాన్ని ఆ అనువర్తనాలు పాటించలేదు కనుక తప్పు వాటిదేనని కొందరు వాదించిరి. అది నిజమే కాని, దస్త్రాలు పోయిన వాడుకరికి ఆ వాదనతో పని లేదు.

పుటను పూర్తిగా తేకుండా, లంకెలో ఉన్న పేరుకు ఐ.పి. చిరునామాను మాత్రం ముందుగా కనుగొనుట డి.ఎన్.ఎస్. ముందస్తు వెదకుడు. ఫైర్‌ఫాక్సులో ఇది 2009లో 3.5వ సంచికతో వచ్చినది. లంకెపై మౌసు నిలిపినంతనే సర్వరుతో సంబంధం సిద్ధం చేసి ఉంచుకొనుట ఊహాత్మక అనుసంధానం. వీటికి ఖర్చయ్యే డేటా స్వల్పమే. అయినను నొక్కని లంకెల యజమానులకు సైతం వాడుకరి ఉనికి కొంత తెలియును.

భద్రతకు సంబంధించినవి వేరొక తెగ. ఫైర్‌ఫాక్స్ 2006లో 2.0 సంచిక నుండి మోసపు సైట్ల జాబితాను దింపుకొనుచున్నది. చూచిన ప్రతి చిరునామానూ గూగులుకు పంపునను అపోహ దీనిపై విస్తారంగా ఉన్నది. వాస్తవంగా, జాబితాలోని చిరునామాల నుండి గణింపబడిన సంక్షిప్త సంకేతాల (హ్యాష్‌ల) మొదటి ముక్కలు మాత్రమే వాడుకరి కంప్యూటరులో నిలువ ఉండును. తెరచిన పుట సంకేతం వాటిలో ఒకదానితో కలిసినప్పుడు మాత్రమే పూర్తి సంకేతాల కొరకు సర్వరును అడుగును, అప్పుడు కూడా చిరునామాను పంపదు. దింపుకొనే ప్రోగ్రాముల తనిఖీలో మాత్రం దస్త్రం వివరాలు బయటకు పోవచ్చును. ధ్రువపత్రాలు రద్దయినవో లేదో పత్రం జారీ చేసినవారిని అడిగే పద్ధతి కూడా ఈ తెగలోనిదే. ఏ సైటు చూచుచున్నదీ అందువలన మూడవవారికి తెలిసేది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2025 ఆగస్టులో ఈ సేవను మూసివేసినది. రద్దయిన పత్రాల జాబితాను కుదించి ముందుగానే దింపుకొనే పద్ధతికి ఫైర్‌ఫాక్స్ మారినది. అనగా ఇచ్చట గోప్యత పెరిగినది నేపథ్య దింపుడు తగ్గించుట వలన కాదు, దానిని వేరొక విధంగా చేయుట వలన.

రైల్వే స్టేషన్లలో రైల్‌టెల్ సంస్థ వారి వైఫై వాడినవారికి ముందుగా ఫోను నంబరు అడిగే పుట కనిపించును. అటువంటి ద్వారపు పుట అడ్డు ఉన్నదా అని తెలుసుకొనుటకు ఫైర్‌ఫాక్స్ ఒక చిన్న పాఠ్యాన్ని తన సర్వరు నుండి తెచ్చుకొని, అది మారకుండా వచ్చినదా అని చూచును. ఇంటి కంప్యూటరులో దీని అవసరం లేదు. ఇవి కాక తాజాకరణల తనిఖీ, పొడిగింతల తనిఖీ, వాడుక గణాంకాలు (టెలిమెట్రీ), ప్రయోగాలు (స్టడీస్), కొత్త ట్యాబులో చూపే ప్రకటనలు, వెదుకు సూచనలు, వెబ్ నోటీసుల కొరకు తెరచి ఉంచే అనుసంధానం మొదలగునవి కలవు.

క్రోమ్ యాదృచ్ఛిక పేర్లు

నేపథ్య అనుసంధానాల భారం వాడుకరిపైనే పడునని భావించరాదు. క్రోమియం ఆధారిత విహారిణులు తెరచిన ప్రతిసారీ 7 నుండి 15 అక్షరాల అర్థం లేని మూడు పేర్లను సృష్టించి, వాటి చిరునామా కొరకు డి.ఎన్.ఎస్.ను అడిగేవి. లేని పేరుకు కూడా సేవాదారు ఏదైనా చిరునామా ఇచ్చి తన పుటకు మళ్ళించుచున్నాడా అని కనిపెట్టుట దీని ఉద్దేశం. ఆ పేర్లు ఎక్కడా లేనందున ప్రశ్నలు అంచెలంచెలుగా ప్రపంచంలోని మూల (రూట్) సర్వర్ల వరకు పోయేవి. మూల సర్వర్లకు వచ్చే రద్దీలో సుమారు సగం ఈ ప్రశ్నలదేనని 2020లో వెరిసైన్ ఇంజనీర్లు గుర్తించిరి. తరువాత క్రోమియంలో మార్పు చేయబడి ఆ రద్దీ గణనీయంగా తగ్గినది. అదే సంవత్సరం డబ్లిన్ ట్రినిటీ కళాశాలకు చెందిన డగ్లస్ లీత్ ఆరు విహారిణులను పరీక్షించగా, మామూలు అమరికలతో బ్రేవ్ అతి తక్కువగాను, ఎడ్జ్ మరియు యాండెక్స్ ఎక్కువగాను గుర్తింపు సమాచారం పంపుచున్నవని తేలినది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మధ్యస్థంగా నిలిచినవి.

ఫైర్‌ఫాక్సులో నిలిపే విధానం

సెట్టింగులలోని గోప్యత, భద్రత భాగంలో డేటా సేకరణకు సంబంధించిన గడులను ఖాళీ చేసినచో వాడుక గణాంకాలు, ప్రయోగాలు ఆగును. వెదుకు భాగంలో సూచనల గడిని తీసివేయవలెను. హోమ్ భాగంలో ప్రాయోజిత లంకెలను, కథనాలను ఆపవచ్చును. సాధారణ వాడుకరికి ఇంతవరకు చాలును.

మిగిలినవాటికి చిరునామా పట్టీలో ఎబౌట్:కాన్ఫిగ్ అని ఇచ్చి, హెచ్చరికను అంగీకరించి లోనికి పోవలెను. ఇచ్చట ఉచ్చారణ కొరకు తెలుగులో వ్రాసిన పేర్లను ఆంగ్ల అక్షరాలలోనే, ఖాళీలు లేకుండా టైపు చేయవలెను. నెట్‌వర్క్.ప్రీఫెచ్-నెక్స్ట్ విలువను ఫాల్స్ చేసినచో ముందస్తు దింపుడు ఆగును. నెట్‌వర్క్.డిఎన్ఎస్.డిసేబుల్‌ప్రీఫెచ్ అను దానిని మాత్రం ట్రూ చేయవలెను, ఎందుకనగా దాని పేరే "నిలుపు" అని ఉన్నది. తొందరలో చాలామంది దీనిని కూడా ఫాల్స్ చేసి, పని అయినదనుకొందురు. నెట్‌వర్క్.హెచ్‌టిటిపి.స్పెక్యులేటివ్-ప్యారలల్-లిమిట్ విలువను 0 చేసినచో ఊహాత్మక అనుసంధానాలు, నెట్‌వర్క్.ప్రిడిక్టర్.ఎనేబుల్డ్‌ను ఫాల్స్ చేసినచో అలవాట్లను బట్టి చేసే ఊహలు ఆగును. నెట్‌వర్క్.క్యాప్టివ్-పోర్టల్-సర్వీస్.ఎనేబుల్డ్ మరియు నెట్‌వర్క్.కనెక్టివిటీ-సర్వీస్.ఎనేబుల్డ్ అను రెండింటినీ ఫాల్స్ చేసినచో ద్వారపు పుట తనిఖీలు ఆగును. కాని ప్రయాణాలలో వైఫై వాడేవారు ఈ రెండింటి జోలికి పోకుండుట మేలు.

ఈ మార్పులను ప్రొఫైలు సంచయంలో యూజర్.జెఎస్ అను దస్త్రంలో వ్రాసి ఉంచినచో ప్రతి ఆరంభంలోనూ అవే వర్తించును. కళాశాల ప్రయోగశాలలో పదుల కంప్యూటర్లు ఉన్నప్పుడు ఒక్కొక్కటి మార్చనవసరం లేదు. 2018లో 60వ సంచికతో వచ్చిన పాలసీల సౌకర్యం ప్రకారం, ఫైర్‌ఫాక్స్ స్థాపించిన చోట డిస్ట్రిబ్యూషన్ అను సంచయంలో పాలసీస్.జెసన్ దస్త్రం ఉంచి డిసేబుల్‌టెలిమెట్రీ, డిసేబుల్‌ఫైర్‌ఫాక్స్‌స్టడీస్, నెట్‌వర్క్‌ప్రిడిక్షన్, క్యాప్టివ్‌పోర్టల్ విలువలను ఒకేసారి నిర్ణయించవచ్చును.

ఫలితాన్ని ఎబౌట్:నెట్‌వర్కింగ్ పుటలో చూడవచ్చును. విండోస్‌లో రిసోర్స్ మానిటర్, అన్ని వ్యవస్థలలో వైర్‌షార్క్ వాడుకలో ఉన్నవి. మార్చక ముందు ఒకసారి, మార్చిన తరువాత ఒకసారి, ఏ పుటా తెరవకుండా పది నిమిషాలు వదలి చూచినచో తేడా తెలియును. పొడిగింతలను కూడా పరిశీలించవలెను. విహారిణిని ఎంత అదుపు చేసినను, ఒక్క పొడిగింత తన సర్వరుతో మాట్లాడుచుండవచ్చును.

క్రోమ్‌లో పుటలను ముందుగా లోడు చేయు అమరిక పనితీరు భాగంలోను, మూసిన తరువాత కూడా నేపథ్యంలో నడచు అమరిక సిస్టమ్ భాగంలోను ఉన్నవి. ఎడ్జ్‌లో స్టార్టప్ బూస్ట్ అనునది ఉన్నది. అన్‌గూగుల్డ్ క్రోమియం, లిబ్రెవూల్ఫ్ వంటివి ఈ అనుసంధానాలలో అధిక భాగాన్ని ముందే తొలగించి వచ్చును.

నిలుపుట వలన కలిగే చిక్కులు

2019 మే నెలలో మొజిల్లా వారి ఒక మధ్యస్థ ధ్రువపత్రం గడువు తీరిపోయి, ప్రపంచమంతటా ఫైర్‌ఫాక్స్ పొడిగింతలు ఒక్కసారిగా పనిచేయుట మానినవి. టార్ విహారిణిలో నోస్క్రిప్ట్ కూడా ఆగిపోయినది, దానిపై ఆధారపడిన వారికి ఇది ప్రమాదకరమే. మొజిల్లా వేగంగా పంపిన సవరణ ప్రయోగాల మార్గం ద్వారా వచ్చినది. ఆ మార్గాన్ని గోప్యత కొరకు మూసుకొన్నవారికి అది చేరలేదు, వారు తాత్కాలికంగా తెరువవలసి వచ్చినది. అందువలన చేరిన సమాచారాన్ని తొలగించెదమని మొజిల్లా ప్రకటించినది. ఆ మార్గాన్ని ఎందుకు మూసుకొనిరనుటకు కూడా కారణం ఉన్నది. 2017 డిసెంబరులో ఒక టీవీ ధారావాహిక ప్రచారానికి సంబంధించిన పొడిగింతను ఇదే మార్గంలో వాడుకరుల కంప్యూటర్లలోకి పంపి మొజిల్లా విమర్శల పాలయినది.

2022 జనవరి 13న దీనికి విరుద్ధంగా జరిగినది. గూగుల్ క్లౌడ్ వైపు హెచ్‌టిటిపి/3 అమరిక మారగా, వాడుక గణాంకాలు పంపే అనుసంధానం ఫైర్‌ఫాక్సులోని ఒక లోపాన్ని తాకి అంతులేని చక్రంలో చిక్కుకొన్నది. అన్ని అనుసంధానాలూ ఒకే దారిలో పోవుటచే ఏ పుటా తెరచుకొనలేదు. గణాంకాలను ముందే నిలిపివేసుకొన్నవారికి మాత్రం ఏ ఇబ్బందీ కలుగలేదు.

తాజాకరణల తనిఖీని, మోసపు సైట్ల జాబితాను నిలుపరాదు. డేటా మిగులునని తాజాకరణలు ఆపినవారికి 2025 మార్చి 14న మరొక ధ్రువపత్రం గడువు తీరినప్పుడు కష్టం వచ్చినది. 128 కంటే పాత సంచికలలో (దీర్ఘకాల సంచికలలో 115.13 కంటే పాతవాటిలో) పొడిగింతలు మరలా దెబ్బతిన్నవి. తాజాకరణలను చేతితో చేసుకొనదలచినవారు కనీసం నెలకొకసారి విహారిణి సంచిక చూచుకొనవలెను.

తెలుగు వాడుకరులకు ప్రత్యేక విషయాలు

యూనికోడ్ వ్యాపించక ముందు తెలుగు దినపత్రికల సైట్లు సొంత ఖతులు వాడేవి. ఆ రోజులలో పద్మ అను ఫైర్‌ఫాక్స్ పొడిగింత అటువంటి పాఠ్యాన్ని యూనికోడులోకి మార్చి చూపేది. దీనిని తెలుగు వికీపీడియా ఆరంభకుడైన వెన్న నాగార్జున రూపొందించిరి. మార్పిడి అంతా వాడుకరి కంప్యూటరులోనే జరిగేది, పాఠ్యం ఎక్కడికీ పోయేది కాదు. లేఖిని కూడా అటువంటిదే, పుట ఒకసారి దిగిన తరువాత అక్షరాల మార్పిడి విహారిణిలోనే జరుగును. ఇందుకు భిన్నంగా, సర్వరుపై ఆధారపడే లిప్యంతరీకరణ పరికరాలు టైపు చేసిన మాటలను అవతలికి పంపి తెలుగు రూపాన్ని తెచ్చుకొనును. ఉత్తరాలు, దరఖాస్తులు టైపు చేసేవారు ఈ భేదాన్ని గమనించవలెను. వలతీగ పీకి టైపు చేసి చూచినచో పరికరం ఏ తెగదో వెంటనే తెలియును.

వెదుకు సూచనల విషయంలో తెలుగుకు మరొక లెక్క ఉన్నది. యు.టి.ఎఫ్.-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు, అది చిరునామాలో శాతపు గుర్తులతో వ్రాయబడినప్పుడు తొమ్మిది అక్షరాలు అగును. "నల్గొండ" అను మాటలో గుణింతపు గుర్తులు, పొల్లుతో కలిపి ఏడు సంకేతాలు ఉన్నందున అది 63 అక్షరాలుగా పోవును. సూచనలు తెరచి ఉన్నచో ఆ మాట పూర్తికాక ముందే ముక్కలు ముక్కలుగా పలుమార్లు పంపబడును.