మొబైల్ ఫోన్లకు వీడియోల రూపమార్పిడి

ఒక పద్ధతిలో నిక్షిప్తం చేసిన వీడియోను మొబైల్ ఫోను ప్రదర్శించగల మరొక పద్ధతిలోకి మార్చడాన్ని వీడియో రూపమార్పిడి అంటారు. వాడుకలో దీనిని "కన్వర్ట్ చేయడం" అంటారు. స్పర్శతెర గల స్మార్ట్‌ఫోన్లు వ్యాప్తిలోకి వచ్చిన తొలి సంవత్సరాలలో, కంప్యూటరులోని సినిమాను ఫోనులో చూడాలంటే ఈ పని దాదాపు తప్పనిసరిగా ఉండేది. తరువాత వచ్చిన ఫోన్లు అనేక రకాల వీడియోలను నేరుగా ప్రదర్శించగలగడంతో అవసరం తగ్గింది. అయితే పాత వీసీడీలు, పెళ్ళి డీవీడీలు, తొలినాటి కెమేరా ఫోన్లలో తీసిన కుటుంబ దృశ్యాలు నేటి ఫోనులోకి తెచ్చుకోవాలనుకునేవారికి ఇది ఇప్పటికీ కావలసిన విద్యయే. రూపమార్పిడిలో సాధారణంగా ప్రతిసారీ కొంత నాణ్యత నశిస్తుంది. అలా పోయినది తిరిగి రాదు. కనుక ఎలా మార్చాలో తెలియడంతోపాటు, ఎప్పుడు మార్చనక్కరలేదో తెలియడం కూడా ముఖ్యం.

కంటెయినర్, కోడెక్

వీడియో ఫైలులో రెండు వేర్వేరు విషయాలు ఉంటాయి. మొదటిది కంటెయినర్. ఇది బొమ్మను, ధ్వనిని, ఉపశీర్షికలను ఒకచోట ఉంచే పెట్టె వంటిది. ఏవీఐ, ఎంపీ4, 3జీపీ, ఎంకేవీ అనేవి కంటెయినర్ల పేర్లు. రెండవది కోడెక్. బొమ్మను, ధ్వనిని కుదించి అంకెలుగా మార్చే పద్ధతిని, తిరిగి వాటిని విప్పే పద్ధతిని కలిపి కోడెక్ అంటారు. ఎంపెగ్-2, హెచ్.264, హెచ్.265 అనేవి వీడియో కోడెక్‌లు. ఎంపీ3, ఏఏసీ, ఏఎంఆర్ అనేవి ధ్వని కోడెక్‌లు.

ఫైలు పేరు చివర ఉండే అక్షరాలు సాధారణంగా కంటెయినర్‌ను మాత్రమే సూచిస్తాయి. ఒకే ఎంపీ4 పెట్టెలో హెచ్.264 వీడియో ఉండవచ్చు, హెచ్.265 వీడియో కూడా ఉండవచ్చు. మొదటిదానిని చూపించిన ఫోను రెండవదానిని చూపించకపోవచ్చు. "ఇది ఎంపీ4 ఫైలే కదా, ఎందుకు ఆడడం లేదు?" అనే ప్రశ్నకు చాలా సందర్భాలలో సమాధానం ఇదే. ఫైలు పేరు చివరి అక్షరాలను మార్చినంత మాత్రాన వీడియో మారదు. జాడీ మీది చీటీ మార్చితే లోపలి ఆవకాయ మాగాయ కానట్లే ఇదీను.

ఫోనులో కోడెక్‌ను విప్పే పని రెండు విధాలుగా జరుగుతుంది. అందుకోసమే చిప్పులో ఏర్పాటు చేసిన భాగం చేస్తే అది హార్డువేరు డీకోడింగు. సాధారణ ప్రాసెసరు మీద నడిచే ప్రోగ్రాము చేస్తే అది సాఫ్టువేరు డీకోడింగు. మొదటి పద్ధతిలో బ్యాటరీ తక్కువ ఖర్చవుతుంది. రెండవ పద్ధతిలో బ్యాటరీ త్వరగా తరుగుతుంది, ఫోను వేడెక్కుతుంది, ప్రాసెసరుకు శక్తి చాలకపోతే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది.

చరిత్ర

స్పర్శతెరను ఫోనుతో జోడించిన తొలి పరికరాలలో 1994లో అమ్మకానికి వచ్చిన ఐబీఎం సైమన్ ముఖ్యమైనది. 2000 దశకంలో వచ్చిన కెమేరా ఫోన్లు ఎక్కువగా 3జీపీ ఫైలులో, హెచ్.263 లేదా ఎంపెగ్-4 వీడియోను, ఏఎంఆర్ ధ్వనిని నిక్షిప్తం చేసేవి. వాటిలో సాధారణంగా కనిపించే బొమ్మ కొలత 176×144 పిక్సెళ్ళు. ఏఎంఆర్ మొదట టెలిఫోను మాటల కోసం రూపొందించిన పద్ధతి కావడం వలన వాటిలో సంగీతం పేలవంగా వినిపిస్తుంది.

హెచ్.264 ప్రమాణం 2003లో ఆమోదం పొందింది. 2007 జూన్ 29న అమెరికాలో అమ్మకాలు మొదలైన ఆపిల్ ఐఫోను ఈ కోడెక్‌ను 640×480 పిక్సెళ్ళు, సెకనుకు 30 ఫ్రేములు, 1.5 మెగాబిట్ల బిట్‌రేటు వరకు ప్రదర్శించగలిగేది. అప్పటికి కంప్యూటర్లలో విరివిగా ఉన్న ఏవీఐ ఫైళ్ళను అది తీసుకునేది కాదు. రూపమార్పిడి సాఫ్టువేరుకు గిరాకీ పెరగడానికి ఇటువంటి పరిమితులే కారణం.

హెచ్.265 ప్రమాణం 2013లో వచ్చింది. ఇది హెచ్.264తో పోలిస్తే దాదాపు సగం బిట్‌రేటుకే అంతటి నాణ్యతను ఇవ్వడానికి ఉద్దేశించినది. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 దీనిని వాడుకలోకి తెచ్చింది. అలయన్స్ ఫర్ ఓపెన్ మీడియా అనే కూటమి 2018లో ఏవీ1 అనే మరొక కోడెక్‌ను విడుదల చేసింది. కొత్త కోడెక్ వచ్చిన ప్రతిసారీ పాత ఫోన్లకు పాత సమస్య మళ్ళీ ఎదురవుతూనే ఉంది.

పరిమాణం లెక్క

వీడియో ఫైలు పరిమాణాన్ని ముందుగానే లెక్కకట్టవచ్చు. బిట్‌రేటును సెకన్లతో హెచ్చవేసి, 8తో భాగిస్తే బైట్లు వస్తాయి.

ఉదాహరణకు రెండున్నర గంటల తెలుగు సినిమా అంటే 9,000 సెకన్లు. వీడియోకు సెకనుకు 500 కిలోబిట్లు, ధ్వనికి 128 కిలోబిట్లు కేటాయిస్తే మొత్తం 628 కిలోబిట్లు. దీనిని 9,000తో హెచ్చవేసి 8తో భాగిస్తే సుమారు 706 మెగాబైట్లు అవుతుంది. వీడియో బిట్‌రేటును 1,500 కిలోబిట్లకు పెంచితే ఫైలు సుమారు 1,830 మెగాబైట్లు అవుతుంది.

ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన మెమొరీ కార్డు 4 గిగాబైట్లకు మించిన ఒకే ఫైలును అంగీకరించదు. కార్డులో ఖాళీ ఉన్నా పెద్ద సినిమా ఎక్కకపోవడానికి ఇది కారణం కావచ్చు. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఈ పరిమితి లేదు.

తెర నిష్పత్తి

తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు. సినిమాస్కోప్ చిత్రాలలో బొమ్మ వెడల్పు ఎత్తుకు సుమారు 2.35 రెట్లు ఉంటుంది. అటువంటి చిత్రాన్ని 480×320 పిక్సెళ్ళ తెర మీద పూర్తి వెడల్పుతో చూస్తే 320 గీతలలో దాదాపు 204 మాత్రమే బొమ్మకు దక్కుతాయి. మిగిలిన భాగం పైన, క్రింద నల్లని పట్టీలుగా ఉంటుంది. పట్టీలు లేకుండా చేయడానికి బొమ్మను నిలువుగా సాగదీస్తే మనుషులు సన్నగా, పొడవుగా కనిపిస్తారు. రూపమార్పిడిలో తరచుగా జరిగే పొరపాట్లలో ఇది ఒకటి.

20:9 నిష్పత్తి గల నేటి ఫోన్లలో ఇటువంటి చిత్రాలు దాదాపు తెర నిండా కనిపిస్తాయి. 4:3 నిష్పత్తి గల పాత వీడియోలకు మాత్రం ఇరుప్రక్కలా ఖాళీ మిగులుతుంది. దానిని దోషంగా భావించనక్కరలేదు.

రూపమార్పిడి విధానం

ఈ పనికి ఉచితంగా లభించే సాఫ్టువేరులలో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, హ్యాండ్‌బ్రేక్ ప్రసిద్ధమైనవి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ను ఫాబ్రిస్ బెల్లార్డ్ 2000లో ప్రారంభించాడు. ఇది ఆదేశాలను టైపు చేసి నడిపే సాఫ్టువేరు. హ్యాండ్‌బ్రేక్‌లో ఆదేశాలు టైపు చేయనక్కరలేదు, మౌసుతో పని జరుగుతుంది కనుక కొత్తవారికి సులభం.

పనిని క్రింది క్రమంలో చేయడం మంచిది.

1. మొదట ఫైలును యథాతథంగా ఫోనులో ఆడించి చూడాలి. అది ఆడితే మార్పిడి అవసరం లేదు. ఫోనులోని సొంత ప్లేయరులో ఆడకపోతే వీఎల్‌సీ వంటి ప్లేయరులో ప్రయత్నించాలి.

2. అప్పటికీ ఆడకపోతే ఫైలు లోపల ఏ కోడెక్ ఉన్నదో తెలుసుకోవాలి. కంప్యూటరులోని వీఎల్‌సీ ప్లేయరు ఈ వివరాలను చూపిస్తుంది.

3. కోడెక్ ఫోనుకు సరిపడినదై, కంటెయినర్ మాత్రమే సరిపడనిదైతే పెట్టె మార్చితే చాలు. దీనిని రీమక్సింగ్ అంటారు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో ఈ పని చేయవచ్చు. బొమ్మను మళ్ళీ కుదించవలసిన పని లేనందువలన నాణ్యత ఏమాత్రం తగ్గదు, పని కూడా సాధారణంగా నిమిషాలలో ముగుస్తుంది.

4. కోడెక్ కూడా సరిపడకపోతే అప్పుడు పూర్తి మార్పిడి చేయాలి. ఎంపీ4 పెట్టెలో హెచ్.264 వీడియో, ఏఏసీ ధ్వని ఉన్న ఫైలు అత్యధిక ఫోన్లలో ఆడుతుంది. హ్యాండ్‌బ్రేక్‌లో నాణ్యతను ఆర్‌ఎఫ్ అనే అంకెతో నిర్ణయిస్తారు. అంకె తగ్గేకొద్దీ నాణ్యత, ఫైలు పరిమాణం రెండూ పెరుగుతాయి. డీవీడీ స్థాయి వీడియోలకు 18 నుండి 22 వరకు సూచిస్తారు.

5. ముందుగా ఒకటి రెండు నిమిషాల భాగాన్ని మార్చి ఫోనులో చూడాలి. పెదవుల కదలికకు, మాటకు పొంతన ఉన్నదీ లేనిదీ గమనించి, తరువాత మొత్తం ఫైలును మార్చాలి.

అసలు వీడియోలో లేని వివరాలను మార్పిడి సృష్టించలేదు. 176×144 పిక్సెళ్ళ వీడియోను 1920×1080కు పెంచినా బొమ్మ స్పష్టం కాదు, ఫైలు బరువు మాత్రమే పెరుగుతుంది.

వీసీడీలు, పెళ్ళి డీవీడీలు

వీసీడీలోని వీడియో ఎంపెగ్-1 పద్ధతిలో, పాల్ ప్రమాణం ప్రకారం 352×288 పిక్సెళ్ళలో, సెకనుకు 25 ఫ్రేములతో ఉంటుంది. ఒక డిస్కులో సుమారు 74 నిమిషాల వీడియో పడుతుంది. అందువల్లనే సినిమాలు రెండు లేక మూడు డిస్కులుగా వచ్చేవి. డిస్కులోని వీడియో ఫైళ్ళ పేర్ల చివర డీఏటీ అనే అక్షరాలుంటాయి.

వీడియో కెమేరాతో తీసిన అనేక పెళ్ళి డీవీడీలలో బొమ్మ ఇంటర్లేస్డ్ పద్ధతిలో ఉంటుంది. అంటే సరి గీతలు ఒకసారి, బేసి గీతలు మరొకసారి నమోదవుతాయి. వీటిని అలాగే ఫోనుకు మార్చితే కదిలే చేతుల అంచులు దువ్వెన పళ్ళ వలె చీలి కనిపిస్తాయి. డీఇంటర్లేసింగ్ అనే సదుపాయాన్ని ఎంచుకుంటే ఈ దోషం తగ్గుతుంది.

ఇంట్లో లేదా స్టూడియోలో రికార్డు చేసిన డిస్కులు శాశ్వతం కావు. వాటిలోని రంగుపొర కాలక్రమంలో క్షీణిస్తుంది. ఎండ, వేడి, తేమ ఈ క్షీణతను వేగవంతం చేస్తాయి. కనుక డిస్కు ఇంకా చదవబడుతున్నప్పుడే దానిలోని సమాచారాన్ని మార్చకుండా, ఉన్నదున్నట్లుగా కంప్యూటరులోకి నకలు తీయాలి. ఫోను కోసం చిన్న ప్రతిని ఆ నకలు నుండి తయారుచేయాలి. ఫోను ప్రతి తయారైనదని అసలు ప్రతిని చెరిపివేయరాదు. నేటి ఫోనుకు సరిపోయేలా కుదించిన బొమ్మ రేపటి పెద్ద తెరకు చాలదు. గతించిన పెద్దల రూపం, మాట ఒక్క డిస్కులో మాత్రమే మిగిలి ఉన్న ఇళ్ళలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

స్పర్శతెరల రకాలు

ఫోన్లలో ప్రధానంగా రెండు రకాల స్పర్శతెరలు వాడారు.

రెసిస్టివ్ తెర: దీనిలో విద్యుత్తు ప్రవహించే రెండు పలుచని పొరల నడుమ కొద్దిపాటి ఖాళీ ఉంటుంది. పై పొరను నొక్కినప్పుడు రెండూ తాకి, నొక్కిన చోటు తెలుస్తుంది. వేలితోనైనా, గోటితోనైనా, పుల్లతోనైనా నొక్కవచ్చు. పై పొర మెత్తనిది కావడం వలన గీతలు పడతాయి. పొరల వలన తెర వెలుగు కొంత తగ్గుతుంది.

కెపాసిటివ్ తెర: దీనిలో గాజు అడుగున విద్యుత్ క్షేత్రం ఉంటుంది. విద్యుద్వాహకమైన మానవ శరీరం తాకగానే ఆ క్షేత్రంలో కలిగే మార్పును ఫోను గుర్తిస్తుంది. నొక్కనక్కరలేదు, తాకితే చాలు. రెండు వేళ్ళతో బొమ్మను పెద్దది చేయడం వంటి బహుస్పర్శ పనులకు ఇది అనువైనది. మామూలు చేతి తొడుగులతో తాకితే సాధారణంగా పనిచేయదు, తడి వేళ్ళతో సరిగా పనిచేయదు.

2008-09లో భారతదేశంలో ఫోను కొనదలచినవారి ముందు ఈ తేడా స్పష్టంగా ఉండేది. 2008 ఆగస్టు 22న విడుదలైన ఐఫోన్ 3జీకి 3.5 అంగుళాల, 480×320 పిక్సెళ్ళ కెపాసిటివ్ తెర ఉండేది. మెమొరీ కార్డుకు చోటు లేదు. 2008 అక్టోబరులో నోకియా ప్రకటించిన 5800 ఎక్స్‌ప్రెస్‌మ్యూజిక్‌కు 3.2 అంగుళాల, 640×360 పిక్సెళ్ళ రెసిస్టివ్ తెర, మెమొరీ కార్డు సౌకర్యం ఉండేవి. అంగుళానికి పిక్సెళ్ళు లెక్కిస్తే మొదటిదానిలో సుమారు 165, రెండవదానిలో సుమారు 229. అంటే స్పర్శకు మొదటిది మేలు, బొమ్మ సాంద్రతకు రెండవది మేలు. కాలక్రమంలో కెపాసిటివ్ తెరలే నిలిచాయి. నేటి స్మార్ట్‌ఫోన్లన్నీ దాదాపుగా ఈ రకానివే.

వీడియోల కోసం ఫోను ఎంపిక

ఇప్పుడు ఫోను ఎంచుకునేవారు తెర కొలతతోపాటు ఈ క్రింది అంశాలను పరిశీలించాలి.

* హార్డువేరు డీకోడింగు: హెచ్.264తోపాటు హెచ్.265, ఏవీ1 కూడా ఉంటే ఫోను ఎక్కువ కాలం అక్కరకు వస్తుంది.
* తెర రకం: ఓలెడ్ తెరలో నల్లని భాగాలకు వెలుగు పూర్తిగా ఆగిపోతుంది. ఎల్‌సీడీ తెరలో వెనుక దీపం వెలుగుతూనే ఉండడం వలన నలుపు కాస్త బూడిద రంగులో కనిపిస్తుంది.
* నిల్వ: మెమొరీ కార్డుకు చోటు లేని ఫోనులో లోపలి నిల్వ తరువాత పెంచుకోవడం కుదరదు.
* రికార్డింగు పద్ధతి: కొన్ని ఫోన్లు సొంత వీడియోలను హెచ్.265లో నిక్షిప్తం చేస్తాయి. పాత ఫోన్లు వాడే బంధువులకు పంపదలిస్తే కెమేరా అమరికలలో హెచ్.264ను ఎంచుకోవడం మేలు.

తెలుగు ఉపశీర్షికలు

ఉపశీర్షికలను విడి ఫైలుగా ఇచ్చేటప్పుడు యూనికోడ్‌లో, యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచాలి. యూనికోడ్‌కు ముందున్న ఫాంట్లతో టైపు చేసిన తెలుగు ఫోనులో అర్థం లేని గుర్తులుగా కనిపిస్తుంది. తొలినాటి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఫాంటు లేనందున అక్షరాలకు బదులు డబ్బాలు కనిపించేవి. అటువంటి పాత ఫోన్లకు ఉపశీర్షికలను బొమ్మలోనే ముద్రించడం ఒక మార్గం. అయితే అలా ముద్రించినవాటిని తరువాత తొలగించలేము, దిద్దలేము.

చట్టపరమైన అంశాలు

భారత కాపీరైటు చట్టం, 1957లోని 52వ సెక్షను స్వంత వినియోగానికి పరిమితమైన సముచిత వాడకాన్ని ఉల్లంఘనగా పరిగణించదు. 2012 సవరణతో చేరిన 65ఎ సెక్షను, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణలను ఛేదించడాన్ని శిక్షార్హం చేసింది. కొన్న సినిమా ప్రతిని మార్చి ఇతరులకు పంచడం, అమ్మడం చట్టవిరుద్ధం. సొంత కుటుంబ వీడియోల విషయంలో సాధారణంగా ఈ చిక్కులు ఉండవు.

ఇవి కూడా చూడండి

* మొబైల్ ఫోను
* స్పర్శతెర
* ఎంపెగ్
* డీవీడీ
* యూనికోడ్