జీపు తాగిన తైలాలు

గుర్రాలెక్కిన రాజుల గురించి మన చరిత్రకారులు విస్తారంగా వ్రాశారు గాని, ఆ గుర్రాలకు మేత ఎక్కడినుంచి వచ్చిందో వ్రాసినవారు అరుదు. జీపుకూ అదే గతి పట్టింది. రెండవ ప్రపంచయుద్ధంలో అది చేసిన ఘనకార్యాలు కొల్లలుగా దొరుకుతాయి. దాని కడుపులో ఏ తైలం పోశారు, అది ఇంజనుదాకా ఎట్లా చేరింది, ఆ ఏర్పాటు ఎందుకు మారుతూ వచ్చింది అన్న ముచ్చట మాత్రం మెకానిక్కుల షెడ్డుల్లోనే ఉండిపోయింది. ఈ టపా ఆ ముచ్చట గురించి.

మేముండేది కొత్తపేట. దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్.బి.నగర్ వైపు పోతుంటే విజయవాడ రహదారిని ఆనుకొని ఉంటుంది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానంలోకి వచ్చిన భారతసైన్యంలో ఒక భాగం బెజవాడ వైపునుంచి, సూర్యాపేట మీదుగా ఈ దారి పట్టుకునే కదిలింది. తరువాతి కాలంలో నల్లగొండ పల్లెల జీపులు నగరానికి వచ్చిందీ ఈ దారినే. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021లో మూతపడి బాటసింగారానికి తరలిపోయేదాకా మామిడికాయల కాలంలో ఇక్కడ బండి కదలడమే గగనం. ఎల్.బి.నగర్ కూడా దాటి ముందుకు పోతే ఆటోనగర్, పాత బండ్ల ధర్మాసుపత్రి.

అసలు సంగతికి వస్తాను. విల్లీస్ సంస్థ 1941నుంచి అమెరికా సైన్యానికి చేసి ఇచ్చిన జీపులో ఇంజను పరిమాణం 134 ఘనపుటంగుళాలు, అంటే దాదాపు 2,200 సి.సి. శక్తి 60 గుర్రాలు. పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందనే ఉంటుంది. నడిపేవాడు సుమారు 57 లీటర్ల పెట్రోలు మీద కూర్చుని యుద్ధానికి వెళ్ళేవాడన్నమాట! ట్యాంకు పల్లాన, కార్బొరేటరు మెరకన ఉన్నాయి గనుక పెట్రోలు తనంతట తాను పారదు. అందుకని ఇంజను పక్కన ఒక చిన్న పంపు అమర్చారు. క్యాంషాఫ్టు తిరుగుతుంటే దాని మీట ఆడుతుంది, మీటతోపాటు లోపలి డయాఫ్రం పొర పైకీ కిందికీ కదిలి పెట్రోలును తోడిపోస్తుంది. ఊళ్ళో బోరింగు కొట్టినట్టే. ఏ మూలనైనా విప్పి, తుడిచి, మళ్ళీ బిగించుకోగల ఏర్పాటు. కార్బొరేటరులో "కచరా" పడితే నోటితో ఊది బాగుచేసుకొని పోయినవారెందరో!

అయితే ఆ ఏర్పాటుకు మన ఎండ పడలేదు. ఆ ఇంజనులో పొగగొట్టపు మ్యానిఫోల్డును అంటిపెట్టుకొనే గాలిగొట్టపు మ్యానిఫోల్డు, దాని నెత్తిన కార్బొరేటరు. రోహిణి కార్తెలో బండి ఆగి ఆగి నడిస్తే పైపులోనే పెట్రోలు మరిగి బుడగలు కడుతుంది. పంపు ద్రవాన్ని తోడగలదు గాని ఆవిరిని తోడలేదు. బండి రోడ్డు నడుమ మొరాయిస్తుంది. దానికి మన డ్రైవర్లు కనిపెట్టిన వైద్యం తడిగుడ్డ. పంపుకు చుట్టి, నీళ్ళు చల్లి, ఒక టీ తాగి వచ్చేసరికి బండి మళ్ళీ అందుకునేది. ఇంజనీరింగు పుస్తకాల్లో ఈ వైద్యానికి ఇంతకన్న గౌరవప్రదమైన పేరు ఉందో లేదో నాకనవసరం. పనిచేసింది, చాలు.

మహీంద్రావారు బొంబాయిలో 1949లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. పదేళ్ళ తరువాత, 1959 అక్టోబరు 11న, షాద్‌నగర్‌లో నెహ్రూ చేతుల మీదుగా మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు ఆరంభమయ్యాయి. అప్పటినుంచి పల్లెకు ప్రభుత్వమంటే సమితి ఆఫీసు, సమితి ఆఫీసంటే బి.డి.ఓ. గారి జీపు. అది ఎంత పెట్రోలు తాగినా ఖజానా భరించింది. పాతబడిన సర్కారీ జీపులు వేలంలో రైతుల చేతికి, కాంట్రాక్టర్ల చేతికి వచ్చినప్పుడే ఆ దాహం ఎంతటిదో తెలిసివచ్చింది.

దానికి తోడు 1973 వచ్చిపడింది. అరబ్బు-ఇజ్రాయెలు యుద్ధం తరువాత కొద్ది నెలల్లోనే ముడిచమురు ధర పీపాకు సుమారు 3 డాలర్లనుంచి 12 డాలర్ల దరికి పోయింది. ఆ నవంబరులో వాజపేయి ఎడ్లబండి మీద పార్లమెంటుకు వెళ్ళిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండే ఉంటుంది. పెట్రోలు షోకు సరకు, డీజిలు రైతు సరకు అన్నది అప్పటి ప్రభుత్వాల లెక్క. పన్నులూ రాయితీలూ ఆ లెక్కనే నడిచాయి. తక్కువ పీడనంతో పనిచేసే ఇంజను గనుక పెట్రోలుతో స్టార్టు చేసి, వేడెక్కాక కిరోసిన్ మీద నడిపిన ఘనులూ లేకపోలేదు. ఆ పొగ వాసన ఎరిగినవారు మరచిపోలేరు.

చివరికి ఇంజనునే మార్చేశారు. ట్రాక్టరు జాతి ఇంటర్నేషనల్ ఇంజనో, మెటడార్ వ్యాను ఇంజనో, తరువాత మహీంద్రావారే ప్యూజో లైసెన్సుతో చేసిన 2,112 సి.సి. ఇంజనో తెచ్చి పెట్రోలు జీపుల్లో కూర్చోబెట్టారు. ఇది ఇంజను మార్పిడితో ముగిసే పని కాదు, ఇంధన వ్యవస్థ మొత్తం మారాలి. పెట్రోలు పంపు తోసే ఒత్తిడి సైకిలు ట్యూబులో గాలి ఒత్తిడికన్న తక్కువ. డీజిలు ఇంజెక్టరుకు అటువంటి వత్తిడి నూరింతలైనా చాలదు. కాబట్టి ఇంజెక్షను పంపు, కొత్త ఫిల్టర్లు, హీటరు ప్లగ్గుల కోసం తొలినాటి 6 వోల్టుల బదులు 12 వోల్టుల బ్యాటరీ వచ్చాయి. బెంగుళూరులో 1951లో మొదలైన మైకో సంస్థ పంపులు, నాజిళ్ళు మన మెకానిక్కులకు ఇంటిపేరంతటి పరిచయం. ఇంజెక్టర్లలో మిగిలిన డీజిలు తిరిగి రావాలి గనుక ట్యాంకుకు రెండవ రంధ్రం పొడిచి ఒక రిటర్ను పైపు అతికారు. ఈ రంధ్రాన్ని గుర్తుంచుకోండి.

అలా మారిన జీపులు వేలు ఉండవచ్చు. ఆ రోజుల్లో ఆర్టీవో అనుమతి తీసుకొని ఇంజను మార్చుకోవడం చెల్లేది. 2000లో మోటారు వాహనాల చట్టపు 52వ సెక్షనును సవరించి, తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చరాదన్నారు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిపరచింది. ఆ పైన 2014లో డీజిలు ధర మీద ప్రభుత్వ నియంత్రణ పోయి, మార్పిడికి మూలమైన లాభం కూడా సన్నగిల్లింది. 2021 జులైలో వచ్చిన నిబంధనలు 50 ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పు లేని బండ్లకు "వింటేజి" గౌరవం ఇచ్చాయి. తాత తడిగుడ్డ చుట్టి నడిపిన బండికి ఆ గౌరవం దక్కుతుంది, తండ్రి తెలివిగా డీజిలుకు మార్చిన బండికి దక్కదు! ఆనాడు ఇల్లు గడపడానికి చేసిన పనిని ఈనాడు దోషంగా లెక్కించడం నాకు న్యాయమనిపించదు.

అందువల్ల ఇప్పుడు కొందరు పాత పెట్రోలు ఇంజన్లు వెదికి మళ్ళీ పెట్టించుకుంటున్నారు. తీరా పెట్టాక బంకులో దొరికేది ఆనాటి పెట్రోలు కాదు. ఆంధ్రప్రదేశ్‌తో సహా 9 రాష్ట్రాల్లో 2003లో 5 శాతం ఇథనాలు కలపడం ఆరంభమై, 2022లో దేశమంతటా సగటున 10 శాతానికి, 2023 ఫిబ్రవరిలో మొదలైన 20 శాతం మిశ్రమం 2025కల్లా బంకులన్నిటికీ వచ్చింది. ఇథనాలు నీటిని పీలుస్తుంది. పాత రబ్బరు డయాఫ్రంను ఉబ్బించి చీలుస్తుంది. ట్యాంకులో దశాబ్దాలుగా పేరుకున్న మడ్డిని కదిలించి కార్బొరేటరుకు చేరవేస్తుంది. దానిలో ఆమ్లజని ఉన్నందున, పెట్రోలు కోసం కొలిచిన జెట్టుతో ఇంజనుకు తైలం చాలక వేడెక్కుతుంది.

ఈ మధ్య ఆటోనగర్‌లో ఒక షెడ్డులో ఇటువంటి పని జరుగుతుంటే నిలబడి చూశాను. ట్యాంకు కడిగారు. ఇథనాలుకు ఓర్చుకునే రబ్బరు పైపులు వేశారు, జెట్టు ఒక మెట్టు పెద్దది పెట్టారు. ట్యాంకు దగ్గర చిన్న ఎలక్ట్రిక్ పంపు బిగించారు. ఇంజెక్షను కార్ల పంపు పెడితే ఆ వత్తిడికి కార్బొరేటరు సూది ఆగక పెట్రోలు పొంగిపోతుందట, అందుకని తక్కువ వత్తిడి పంపే ఎన్నుకున్నారు. డీజిలు రోజుల 12 వోల్టుల వైరింగు దానికి సరిపోయింది. కుర్రవాడొకడు ట్యాంకు మీది రెండవ రంధ్రాన్ని వెల్డింగుతో మూయబోతే, పెద్ద మెకానిక్కు అరిచాడు.

"అరే, దాన్ని మూయకు!"

"ఎందుకు ఉస్తాద్? డీజిల్ పోయింది గద?"

"పోతే పోయింది. గీ ఎండల పెట్రోలు లైన్ల ఆగితే ఉడుకుతది. తిరిగి ట్యాంకులకు పోనియ్యాలె, సల్లగుంటది. పైపు తే."

కుర్రవాడు వెల్డింగు రాడ్డు కింద పెట్టి పైపు తెచ్చాడు. డీజిలు కోసం పొడిచిన రంధ్రంలోనే పెట్రోలు రిటర్ను పైపు బిగించారు.