ఊరి తగాదాలో హత్య: అప్పీలులో ఏం తేలుతుంది?

పొలం గట్టు దగ్గరో, చెరువు తూము దగ్గరో, పంచాయతీ ఎన్నికల ఫలితం వెలువడిన రాత్రో రాజుకున్న తగాదా ఒక నిండు ప్రాణం తీసి న్యాయస్థానానికి చేరినప్పుడు, నిందితుల జాబితా ఒకటి రెండు పేర్లతో ఆగడం అరుదు. తండ్రి, కొడుకులు, అన్నదమ్ములు, బావమరుదులు, పాలేర్లు, పక్కింటివారు కలిపి ఇరవై, ముప్పై పేర్లు ఉంటాయి. ప్రాణం తీసిన దెబ్బ మాత్రం ఒకరిదో ఇద్దరిదో. మిగిలినవారిలో ఎవరిని శిక్షించాలి, ఎవరిని విడిచిపెట్టాలి అన్న ప్రశ్నే ఇటువంటి నేర అప్పీళ్లలో తొలుత ముందుకు వస్తుంది.

దీనికి చట్టం చూపే ఆధారం భారత శిక్షాస్మృతిలోని 149వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 190వ సెక్షన్. ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది చట్టం నిషేధించిన ఉమ్మడి లక్ష్యంతో గుమిగూడితే అది చట్టవిరుద్ధ సమూహం. ఆ లక్ష్య సాధనలో ఏ ఒక్క సభ్యుడు నేరం చేసినా, లేదా అటువంటి నేరం జరగవచ్చని సభ్యులకు ముందే తెలిసి ఉన్నా, ఆ సమయంలో సమూహంలో ఉన్న ప్రతి ఒక్కరూ దానికి బాధ్యులే. ఇక్కడ అనువాదకులు తరచూ తడబడే చోటు ఒకటి ఉంది. 34వ సెక్షన్ చెప్పేది ఉమ్మడి ఉద్దేశం, 149 చెప్పేది ఉమ్మడి లక్ష్యం. తెలుగు వార్తల్లో రెండింటికీ ‘ఉద్దేశం’ అనే మాటే వాడేస్తుంటారు. 34 కింద మనసులు ముందుగా, కనీసం ఆ క్షణాన, కలిశాయని చూపాలి, నేరంలో పాలుపంచుకోవాలి. 149 కింద లక్ష్యం ఎరిగి ఆ గుంపులో సభ్యుడిగా నిలిచాడని రుజువైతే సరిపోతుంది. ఒక మనిషి యావజ్జీవ కారాగారానికి వెళ్లడమా, ఇంటికి రావడమా అన్నది ఈ తేడాపై ఆధారపడిన సందర్భాలున్నాయి.

ఈ విషయంలో నేటికీ అన్ని హైకోర్టులూ ఉటంకించే తీర్పు 1964 నాటి మసల్తీ కేసుది. ఉత్తరప్రదేశ్‌లోని ఝాన్సీ జిల్లాలో ఒక గ్రామం రెండు వర్గాలుగా చీలింది. 1961లో ఒక వర్గం దాడిలో రెండో వర్గానికి చెందిన ఐదుగురు హతులయ్యారు. కింది న్యాయస్థానం పదిమందికి మరణశిక్ష విధించింది, మరెందరికో యావజ్జీవం. సుప్రీంకోర్టులో నిందితుల తరఫు వాదన ప్రధానంగా రెండు అంశాలపై నడిచింది. సాక్షులందరూ హతుల వర్గీయులే కనుక వారి మాట చెల్లదన్నది ఒకటి. ఎవరు ఏ దెబ్బ కొట్టారో విడివిడిగా చూపలేదన్నది రెండోది.

ప్రధాన న్యాయమూర్తి పి.బి. గజేంద్రగడ్కర్ ఈ రెండింటినీ తోసిపుచ్చారు. ఊరు రెండుగా చీలినచోట ఏ పక్షానికీ చెందని సాక్షి దొరకడం కష్టం. పక్షపాతం ఉందన్న ఒక్క కారణంతో సాక్ష్యాన్ని యాంత్రికంగా కొట్టివేస్తే న్యాయమే ఓడిపోతుంది. అయితే అటువంటి సాక్ష్యాన్ని మరింత జాగ్రత్తగా తూచాలి. గుంపులోని ప్రతి ఒక్కరూ ఏదో ఒక ప్రత్యేక చర్యకు పాల్పడ్డారని చూపనక్కర లేదని కూడా తీర్పు స్పష్టం చేసింది. అంతకుముందు బలాదీన్ కేసులో అదే న్యాయస్థానం చేసిన వ్యాఖ్యను ఆ కేసు వాస్తవాలకు పరిమితం చేసింది. గోల విని చూడటానికి వచ్చినవాడికి, గుంపులో భాగమై వచ్చినవాడికి మధ్య గీత మాత్రం చెరిగిపోలేదు.

మరి ఆ గీతను గుర్తించడం ఎలా? ఝాన్సీ కేసులో హైకోర్టు ఒక కొలమానం పెట్టుకుంది: కనీసం నలుగురు సాక్షులు నిలకడగా పేరు చెప్పిన నిందితుడినే దోషిగా నిలపాలి. సుప్రీంకోర్టు దీన్ని యాంత్రికమే అంటూనే, నిందితులూ బాధితులూ అధిక సంఖ్యలో ఉన్నప్పుడు ఇద్దరు ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువమంది సాక్షుల ఏకరూప కథనాన్ని కోరడం తప్పు కాదంది. నిజానికి ఒక వాస్తవాన్ని నిరూపించడానికి ఇంతమంది సాక్షులు కావాలన్న నియమం సాక్ష్య చట్టంలో లేదు. కక్షతో ఇరికించిన పేర్లను వడకట్టే జాగ్రత్త మాత్రమే ఇది. చివరకు ముగ్గురి మరణశిక్షను చిన్న వయసు దృష్ట్యా యావజ్జీవంగా మార్చారు.

ఈ వడపోత ఎంత కఠినంగా మారగలదో తెలుగువారికి చుండూరు చూపింది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లాలోని ఆ గ్రామంలో ఎనిమిది మంది దళితులు హతులయ్యారు. సినిమా హాలులో జరిగిన గొడవ, దానివెంట వచ్చిన సాంఘిక బహిష్కరణ నేపథ్యంగా జరిగిన ఆ మారణకాండను ఊరి తగాదా అనడం కూడా సరికాదు. గ్రామంలోనే ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష విధించింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు, దాడి చేసినవారి గుర్తింపు సహా కీలకాంశాలు రుజువు కాలేదంటూ అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఆ తీర్పుపై వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది.

ఇరుపక్షాలకూ గాయాలైన కేసుల్లో మరో చిక్కు ఉంటుంది. ఉభయులూ అప్పటికప్పుడు కలియబడ్డారని తేలితే ఉమ్మడి లక్ష్యం నిలవదు. ఎవరు చేసిన దానికి వారే బాధ్యులు. నిందితుల ఒంటిమీద ఉన్న తీవ్ర గాయాలకు ప్రాసిక్యూషన్ సంజాయిషీ చెప్పకపోతే ఘటన మూలాన్నే దాచిందన్న అనుమానం కలుగుతుందని 1976లో లక్ష్మీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పేర్కొంది.

తర్వాతి ప్రశ్న: అది హత్యా, హత్య కిందికి రాని నేరపూరిత నరహత్యా? 1958 నాటి విర్సా సింగ్ కేసులో పంజాబ్‌లో ఒకే ఒక్క బల్లెం పోటు మనిషి ప్రాణం తీసింది. చంపాలన్న ఉద్దేశం తనకు లేదని నిందితుడు వాదించాడు. సరిగ్గా ఆ గాయమే చేయాలని ఉద్దేశించాడా, ఆ గాయం ప్రకృతి సహజ క్రమంలో మరణానికి చాలునా అన్నదే చూడాలని న్యాయమూర్తి వివియన్ బోస్ తేల్చి, అప్పీలును కొట్టివేశారు. చంపే ఉద్దేశం విడిగా అక్కర లేదు. దీనికి ఎదురుగా నిలిచేది ఆకస్మిక ఘర్షణ అనే మినహాయింపు: ముందస్తు పథకం ఉండకూడదు, అదను చూసుకుని క్రూరంగా ప్రవర్తించి ఉండకూడదు. ఇది రుజువైతే 302 కాస్తా 304 అవుతుంది. అందులో రెండో భాగం కింద గరిష్ఠ శిక్ష పదేళ్లే.

సెషన్స్ కోర్టు తీర్పుపై అప్పీలు హైకోర్టుకు వెళుతుంది. మరణశిక్ష పడితే దోషి అప్పీలు చేయకపోయినా హైకోర్టు ధ్రువీకరించాల్సిందే. ఆపై సుప్రీంకోర్టుకు ప్రత్యేక అనుమతి కావాలి. కింది కోర్టు నిర్దోషిగా వదిలినవారికి హైకోర్టే మరణశిక్షో, యావజ్జీవమో, పదేళ్లు అంతకు మించిన శిక్షో వేస్తే మాత్రం సుప్రీంకోర్టుకు అప్పీలు హక్కుగా లభిస్తుంది.

హతుల కుటుంబానికి 2009 డిసెంబరు 31 దాకా సొంతంగా అప్పీలు చేసే హక్కు లేదు. ప్రభుత్వం ముందుకు రాకపోతే రివిజన్ పిటిషన్ ఒక్కటే దారి. ఆ రోజున అమల్లోకి వచ్చిన సవరణతో, నిర్దోషిత్వంపైనా, హత్యను చిన్న నేరంగా తగ్గించడంపైనా బాధితులు నేరుగా అప్పీలు చేయవచ్చు. అందుకు న్యాయస్థానం అనుమతి కూడా అక్కర లేదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. శిక్ష చాలలేదని అప్పీలు చేసే హక్కు మాత్రం ఇప్పటికీ ప్రభుత్వానిదే.