పన్ను కట్టం... ఊరొదిలేస్తాం!

1921 ఏప్రిల్ నెలాఖరు. చీరాల. పొద్దెక్కక ముందే ఉక్కపోత. ఆకు కదలడం లేదు. నేతపేటలో నాడె చప్పుడు ఆగిపోయింది. ఇంటింటా సుత్తి దెబ్బలే. మగ్గాలు విప్పేస్తున్నారు.

ఒక వాకిట్లో అచ్చు, రాట్నం, కండెల బుట్ట తాళ్లతో బిగించి ఉన్నాయి. సగం నేసిన పడుగును చుట్టచుట్టి పాత చీరలో మూటగట్టారు. ఇల్లాలు మాత్రం గడప దాటడం లేదు. లోపల, మగ్గం తీసేసిన చోట, మగడు కాళ్లు పెట్టుకుని కూర్చునే గుంట నోరు తెరుచుకుని ఉంది.

“అన్నీ మోస్తాం సరే. గుంటనెట్టా మోస్తామయ్యా?”

“అక్కడ కొత్తది తవ్వుకుందాం. పదవే.”

బండి కదిలింది. వెనక ఇంకో బండి. దాని వెనక వీధంతా.

ఇంతమందిని లేపింది వరదా కాదు, కరువూ కాదు. ఒక పన్ను.

1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలను కలిపి మున్సిపాలిటీ చేసింది. పారిశుధ్యం బాగుపడుతుంది, ఊరు పెరుగుతుంది అంది. అప్పటిదాకా గ్రామ యూనియన్ పాలన కింద జనం కట్టింది ఏడాదికి సుమారు 4,000 రూపాయలు. ఇక మీదట దాదాపు 40,000! ప్రపంచయుద్ధం అప్పుడే ముగిసింది. ధరలు మండిపోతున్నాయి. కట్టాల్సింది ఎవరు? నేతగాళ్లు, చిన్న రైతులు. బట్ట అమ్ముడైతేనే పొయ్యి వెలిగే ఇళ్లు.

మాకొద్దీ మున్సిపాలిటీ అని అర్జీలు పెట్టారు, సభలు పెట్టారు, కౌన్సిలర్లు రాజీనామాలు ఇచ్చేశారు, సర్కారు తన అధికారినే ఛైర్మన్ కుర్చీలో కూర్చోబెట్టింది, పన్ను కట్టని వాళ్లను కోర్టుకీడ్చి జైలుకు పంపింది, వాళ్లలో ఒక ఆడమనిషి కూడా ఉందని తెలిసి పేటలన్నీ భగ్గుమన్నాయి, స్థానిక పాలన మంత్రి పానగల్ రాజా దాకా గోడు వెళ్లినా మున్సిపాలిటీ మాత్రం రద్దు కాలేదు.

అప్పటికే ఊళ్లో ఒక గొంతు మోగుతోంది.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. పెనుగంచిప్రోలులో పుట్టి, ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చిన మనిషి. పద్యం పాడితే జనం కదలరు. మాట విసిరితే కూర్చోరు. ఆయన కూడగట్టిన వాలంటీర్ల దళం పేరు రామదండు. వీధి వీధికీ తిరిగింది. పన్ను కట్టొద్దు. చెయ్యి మాత్రం ఎత్తొద్దు.

బెజవాడలో కాంగ్రెస్ సమావేశం ముగిసింది. ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చారు. దారులు రెండున్నాయన్నారు. శాంతంగా పన్ను నిరాకరించి, వచ్చే శిక్షను భరించడం ఒకటి. ఊరే వదిలిపెట్టడం రెండోది. తేల్చుకోవాల్సింది మీరే, ఓడిపోతే కాంగ్రెస్ బాధ్యత తీసుకోదు అనీ చెప్పారు.

జనం రెండోది ఎంచుకున్నారు.

సుమారు 15,000 జనాభాలో 13,000 మందికి పైగా మున్సిపాలిటీ హద్దు దాటారు. పన్ను చీటీ చెల్లని నేల మీద తాటాకు పందిళ్లు లేచాయి. దానికి రామనగర్ అని పేరు పెట్టారు. మండుటెండల్లో కాపరాలు మొదలయ్యాయి. రామదండు కాపలా కాసింది. తగవులు తీర్చడానికి తమ పంచాయతీ తామే పెట్టుకున్నారు. కొత్త గుంటలు తవ్వారు. నాడె మళ్లీ ఆడింది.

ఇంతలో మబ్బు పట్టింది.

వాన దంచింది. తాటాకు కారింది. గుంటల్లో నీళ్లు నిలిచాయి. నూలు తడిసింది. చేతిలో డబ్బు అడుగంటింది. విరాళాల కోసం గోపాలకృష్ణయ్య బరంపురం బయల్దేరారు.

తిరిగి రాలేదు.

ఉపన్యాసాలు నిషేధించిన ఉత్తర్వును ధిక్కరించారని అక్కడే పట్టుకున్నారు. ఏడాది శిక్ష. తిరుచిరాపల్లి జైలు. నడిపించేవాడు లేడు. తిండిగింజలు లేవు. అయినా చలికాలం దాకా గుడిసెలు కదల్లేదు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో హింస చెలరేగింది. గాంధీ సహాయ నిరాకరణ ఉద్యమాన్నే ఆపేశారు. ఇక ఎవరి కోసం ఎదురుచూడాలి?

పదకొండు నెలల తర్వాత బండ్లు వెనక్కి తిరిగాయి. మున్సిపాలిటీ అక్కడే ఉంది. పన్నూ అక్కడే ఉంది. ఆ లెక్కన చూస్తే ఓటమే.

కానీ పన్నుకు జడిసి పారిపోయిన జనం కాదు వాళ్లు. అంతకు మించి నష్టపోయారు. పని పోగొట్టుకున్నారు, ఇళ్లు పాడుపెట్టుకున్నారు. తమ ఊరి మంచిచెడ్డలు తమను అడగకుండా తేల్చొద్దన్నారు. ఊరి బాగు కోసమంటూ పన్ను వేసేవాళ్లు ముందు ఆ ఊరి గడప తొక్కి అడగాలి. చీరాల-పేరాల జనం పట్టుబట్టింది ఆ ఒక్క మాటకే.