యూ వృక్షము: ఒక మాట చరిత్ర

ఆంగ్లభాషలో "యూ" యని చెవికి వినబడు మాటలు మూడు. ఒకటి నీవు, మీరు అను నర్థము నిచ్చు సర్వనామము. రెండవది ఆడుగొఱ్ఱె. మూడవది ఒక సతతహరితవృక్షము. మొదటి రెంటిని బాలురు త్వరలోనే నేర్చుకొందురు. మూడవదానికి మన నిఘంటువు "వృక్షవిశేషము" అని చెప్పి చేతులు దులుపుకొనును. గ్రే కవి 1751లో ప్రకటించిన శ్మశానవిలాపకావ్యములోను, మాక్బెత్ నాటకమున మంత్రగత్తెల కాగులోను ఈ చెట్టు ఎదురైనప్పుడు విద్యార్థి ఆ యొక్క ముక్కతో తృప్తిపడి ముందునకు సాగిపోవును. కాని ఈ చిన్న మాటలో చెట్టు, దాని కొయ్య, ఆ కొయ్యతో చేసిన విల్లు, మృతులకై ధరించు దుఃఖచిహ్నము అను నాలుగర్థములు కాలక్రమమున చేరినవి. అవి యెట్లు చేరినవో విచారించుట వ్యర్థము కాదు.

ముందుగా చెట్టును చూతము. ఇది యూరపునందంతటను, ఉత్తరాఫ్రికా, పశ్చిమాసియాలలో కొన్ని కొండప్రదేశములయందును పెరుగును. ఆకులు సన్నములై, చదునుగా, నలుపుదేరిన పచ్చదనముతో నుండును. ఎదుగుదల మిక్కిలి మందము. ఆయువు మిక్కిలి దీర్ఘము. ముదిరిన చెట్టునకు నడిమి చేవ కుళ్లి బోలుపడును గనుక వలయములను లెక్కించి వయస్సు నిర్ణయించుట కుదరదు. గింజచుట్టును ఎఱ్ఱని మెత్తని గిన్నెవంటి కండ యుండును. ఆ కండ తప్ప తక్కిన సర్వావయవములును విషమే. పక్షులు కండ తిని గింజను చెడకుండ విసర్జించును; గుఱ్ఱములు, పశువులు, గొఱ్ఱెలు ఆకు మేసినచో గుండె యాగి చచ్చును. క్రీస్తునకు పూర్వము 53వ సంవత్సరమున ఎబురోనులను గాల్ దేశపు తెగకు రాజైన కాటువోల్కస్ ఈ చెట్టుతోనే ప్రాణము తీసికొనెనని సీజరు తన యుద్ధచరిత్రలో వ్రాసియున్నాడు.

ఈ మాట ఇంగ్లీషువారు క్రొత్తగా కల్పించినది కాదు. ప్రాచీనాంగ్లమున నున్న రూపమునకు జర్మనుభాషలోని "ఐబె", ఐరిష్ భాషలోని "యో" జ్ఞాతులు. ప్రాచీన నార్సుభాషలో ఈ చెట్టు పేరే విల్లునకును పేరైనది. ఇది మనకు వింత కాదు. వేణువనగా సంస్కృతమున వెదురు. వెదురుతో చేసినది గనుక పిల్లనగ్రోవియు వేణువే యైనది. కృముకమను చెట్టు పేరు వైదికవాఙ్మయమున కలదు. దాని కొయ్యతో చేసినది కార్ముకము. పాణినీయులు కార్ముకశబ్దమును కర్మశబ్దమునుండి సాధించిరి గాని, చెట్టు పేరు విల్లునకు సంక్రమించుట లోకమున అసంభవము కాదని ఈ యూ శబ్దము సాక్ష్యమిచ్చుచున్నది. గ్రీకుభాషలో "టాక్సన్" అనగా విల్లు. దానినుండి బాణములకు పూయు విషమునకు పేరు పుట్టి, నేడు ఆంగ్లమున విషవాచకమైన "టాక్సిక్" అను మాటగా నిలిచినది. లాటినులో యూ చెట్టు పేరు "టాక్సస్". ఈ రెంటికిని మూలమొక్కటేయని కొందఱు భాషావేత్తల యభిప్రాయము.

ఊళ్ల పేర్లలోను ఈ చెట్టు దాగియున్నది. ఐర్లండులోని మేయో యనగా యూ చెట్ల మైదానము. ఇంగ్లండులోని యార్కు నగరమునకు రోమనులనాటి పేరు ఎబొరాకము. యూ చెట్లున్న చోటు అని దాని కర్థము చెప్పుదురు. ఆంగ్లో సాక్సనులు ఆ పేరును తమ భాషకు తిప్పుకొని అడవిపంది యను నర్థము స్ఫురించునట్లు పలికిరి. తరువాత డేనులు మఱల మార్చిరి. 1664లో అమెరికాయందలి డచ్చివారి పట్టణమును ఇంగ్లీషువారు పట్టుకొని యార్కు ప్రభువు పేర న్యూయార్కు అనిరి. యూ చెట్టు నీడ అంతదూరము వ్యాపించినది.

ఇక విల్లు సంగతి. యూ కొయ్యలో బెరడు దగ్గరి తెల్లని భాగము సాగుటకును, లోపలి ఎఱ్ఱని చేవ నొక్కుడును సహించుటకును అనువైనవి. రెండును కలిసియుండునట్లు చెక్కినచో ఒకే కొయ్యనుండి ప్రకృతిసిద్ధముగ బలమైన విల్లు సిద్ధించును. 1346లో క్రేసీలోను, 1415లో అజింకూరులోను ఫ్రెంచి ఆశ్వికులను కూల్చినవి ఇట్టి విండ్లే. అయితే స్వదేశపు కొయ్య చాలలేదు; ఆల్ప్సు ప్రాంతపు కొయ్య మేలైనది. అందుచే 1472లో నాలుగవ ఎడ్వర్డు ప్రభుత్వము, విదేశపు నావలు తెచ్చు సరకులో ప్రతి టన్నునకు నాలుగు వింటికొయ్యలు తేవలెనని శాసించెను. మూడవ రిచర్డు కాలమున, దిగుమతియగు ఒక జాతి ద్రాక్షాసారాయములో పీపాకు పది కొయ్యలనిరి. పదునాఱవ శతాబ్దాంతమునకు బవేరియా, ఆస్ట్రియాలలో యూ వనములు నశించినవి. 1595లో ఎలిజబెత్ రాణి మంత్రాలోచనసభ సైన్యమున విల్లు విడిచి తుపాకి పట్టుమనెను. తుపాకి వచ్చినందున విల్లు పోయెననుట నిజమే గాని, అప్పటికే చెట్టు పోయెననుటయు నిజమే.

చర్చి శ్మశానములయందు ఈ చెట్లేల యున్నవను ప్రశ్నకు జనులు పలువిధములుగ సమాధానము చెప్పుదురు. విండ్లకై నాటిరనుట యొకటి. మేలి కొయ్య విదేశమునుండి వచ్చుచుండగా ఈ మాట నిలువదు. పశువులను సమాధులలోనికి తోలకుండుటకై నాటిరనుట మఱియొకటి. ఇందు కొంత యుక్తి కలదు. కాని స్కాట్లండులో ఫోర్టింగాల్ గ్రామపు చెట్టువంటివి అక్కడి చర్చికంటె ప్రాచీనములని యెంచబడుచున్నవి. అట్టిచోట్ల చెట్టునొద్దకు చర్చి వచ్చినది గాని చర్చినొద్దకు చెట్టు రాలేదు. ఎల్లకాలము పచ్చగా నుండి, వంగిన కొమ్మ నేల తాకినచో మఱల వేళ్లూను వృక్షమును పునర్జీవనచిహ్నముగ జనులు భావించుట సహజము. విషమును, దీర్ఘాయువును ఒకే చెట్టునందుండగా, చావునకు నిత్యత్వమునకు అదియే గుఱుతైనది.

ఇంతవఱకు నిఘంటువున కెక్కిన యర్థములు. అయిదవది మన కాలమున చేరినది. 1962లో అమెరికా ప్రభుత్వపు వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్థర్ బార్క్లే వాషింగ్టన్ రాష్ట్రపు అడవిలో పసిఫిక్ యూ చెట్టు బెరడు సేకరించెను. అందలి సారమును మన్రో వాల్, మన దేశమున జన్మించిన మన్‌సుఖ్ వాణి వేఱుచేసి 1971లో దాని నిర్మాణమును ప్రకటించిరి. అది కణవిభజనము నెట్లాపునో 1979లో సూసన్ హార్విట్జ్ వివరించెను. 1992లో అండాశయపు క్యాన్సరునకు టాక్సాల్ అనుమతి పొందెను. అంతట పాత చిక్కే మఱల వచ్చినది. బెరడు ఒలిచిన చెట్టు బ్రతుకదు. ఒక్క రోగి మందునకే పెక్కు చెట్లు కావలెను. ఫ్రాన్సులో పియెర్ పోటియే మొదలగువారు యూరపు యూ ఆకులనుండి మూలద్రవ్యము తీసి మందుగా మార్చు మార్గము కనిపెట్టిరి. ఆకు మఱల చిగురించును గనుక చెట్టు దక్కెను. విండ్లవారికి లేని యుపాయము రసాయనజ్ఞులకు దొరకినది.

అయినను మన హిమాలయములలో అట్లు కాలేదు. అక్కడి యూ జాతి ఆకులకై, బెరడుకై మితిమీఱి నఱకబడెను. 1995లో దాని వర్తకమును అంతర్జాతీయ నిబంధనల క్రిందికి తేవలసివచ్చెను. మఱియొక చిక్కు పేరువలన వచ్చినది. ఆయుర్వేదమున తాలీసపత్రమను ఓషధి కలదు. అది హిమాలయపు ఫర్ జాతి ఆకు అని వైద్యగ్రంథములలో నిర్ణయింపబడినను, కొన్ని ప్రాంతముల యంగళ్లలో యూ ఆకు ఆ పేరనే అమ్మబడినది. పేరొక్కటి, చెట్లు రెండు, అందొకటి విషము. ఇంటిలో కషాయము కాచు తల్లికి ఈ భేదము పండితచర్చ కాదు, బిడ్డ ప్రాణము.

కావున "వృక్షవిశేషము" అను సమాధానముతో మనము తృప్తిపడరాదు. మన నిఘంటువులలో ఎన్నియో ఓషధులు ఆ యొక్క మాట చాటున దాగియున్నవి. ప్రతి పేరునకు ఎదుట ఆకు రూపము, పుట్టుచోటు, శాస్త్రనామము, విషమో కాదో వ్రాసి, వీలైనచో బొమ్మయు చేర్చవలెను. మాటను చెట్టుతో కలిపి బాలురకు చూపవలెను. ఇది గొప్ప వ్యయము కోరు పని కాదు. చెట్టునొద్దకు నడచి వెళ్లు నోపిక మాత్రము కోరును.